నర్సు విద్య – పల్లె ఆరోగ్యము

ఆరోగ్యమనగానే మన మనస్సునకు ముందుగ వైద్యుడు తోచును. పిదప ఔషధము, ఆ పిమ్మట ఆసుపత్రి తోచును. నర్సు పేరు ఈ వరుసలో చివరకుగాని రాదు. ఇంటిలో ఎవరైన జబ్బుపడగా ఆసుపత్రిలో పది దినములు తోడుండి వచ్చినవారు మాత్రము వేరుమాట చెప్పుదురు. వైద్యుడు ఉదయమొకమారు, సాయంకాలమొకమారు వచ్చి చూచిపోవును. జ్వరము కొలిచినది, వేళకు మందు ఇచ్చినది, నడిరేయి రోగికి ఊపిరి భారమైనప్పుడు గుర్తించి వైద్యుని పిలిపించినది నర్సు. పల్లెలలో ఈ మాట మరింత నిజము. అక్కడ వైద్యుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున నుండును. ఆ కేంద్రము తరచుగ కొన్ని గ్రామముల కావల నుండును. ఊరిలో తలుపు తట్టగానే పలుకునది నర్సు విద్య నభ్యసించిన స్త్రీయే.

ఆమెను తయారుచేయు పాఠశాల ఎట్లుండవలెను? అందు ఏమి నేర్పవలెను? ఆ పాఠశాలకును, జెనీవా నగరమున సమావేశమై సకల దేశముల ఆరోగ్యమును గూర్చి చర్చించు ప్రపంచ ఆరోగ్య సభకును ఏమైన సంబంధము కలదా? జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలను దృష్టియందుంచుకొని ఈ ప్రశ్నలను పరిశీలింతము. సంబంధము కలదనియే మా తలంపు. అది ఎట్లో క్రమముగ విన్నవింతుము.

ఈ మూడు జిల్లాలును 2016 అక్టోబరు 11వ తేదీన ఏర్పడినవి. అంతకుముందు వీనిలో అధికభాగము వరంగల్లు జిల్లాలోనిదే. అయినను మూటికిని మూడు స్వభావములు. జనగామ హైదరాబాదు–వరంగల్లు రహదారిపై నున్న మెట్టసీమ. పోతనామాత్యుని బమ్మెర, సోమనాథుని పాలకుర్తి, ఇత్తడి పనికి పేరెన్నికగన్న పెంబర్తి ఈ జిల్లాలోనివే. మహబూబాబాదును పెద్దలు నేటికిని మానుకోట యందురు. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ జిల్లా ప్రజలలో మూడవ వంతునకు మించి గిరిజనులు. అనేక లంబాడీ తండాలు, కోయగూడెములు ఇందు గలవు. భూపాలపల్లి బొగ్గుగనులకును, అడవులకును నెలవు. ప్రాణహిత గోదావరిలో కలియు కాళేశ్వరము ఈ జిల్లాలోనిదే. అక్కడ ఏరు దాటినచో మహారాష్ట్రము. 2019 ఫిబ్రవరిలో ములుగు ప్రాంతము భూపాలపల్లినుండి వేరుపడి ప్రత్యేక జిల్లా అయినది.

ఒకనాడు ఈ సీమల రోగులు పెద్ద వైద్యము కావలసినచో వరంగల్లునకో, హైదరాబాదునకో పోవలసియుండెడిది. 2022లో మహబూబాబాదునందును, 2023లో జనగామ, భూపాలపల్లి పట్టణములందును ప్రభుత్వ వైద్య కళాశాలలు నెలకొనినవి. వైద్య కళాశాల చెంత నర్సింగు కళాశాల యుండవలెననునది ఇటీవలి విధానము. 2014 తరువాత వెలసిన 157 వైద్య కళాశాలల చెంతనే 157 నర్సింగు కళాశాలలను స్థాపింతుమని కేంద్ర ప్రభుత్వము 2023లో ప్రకటించినది. తెలంగాణమున 2024 డిసెంబరులో ఒక్కమారుగ 16 నర్సింగు కళాశాలలు ప్రారంభింపబడినవి. ఒకప్పుడు రాజధానికో, మిషను ఆసుపత్రులున్న కొలది పట్టణములకో పరిమితమైన నర్సు విద్య నేడు జిల్లాల గడప త్రొక్కుచున్నది.

ఇది సంతోషింపదగిన విషయమే. కాని నాలుగేండ్ల పిదప ఆ ద్వారము దాటి వెలువడు విద్యార్థిని ఎటు పోవును? నగరములోని ప్రైవేటు ఆసుపత్రికా? విమానమెక్కి జర్మనీకా? లేక మహాదేవపురము అడవి అంచున నున్న ఉపకేంద్రమునకా? మూడింటను ఆమె చేయునది సేవయే. కాని మూడవ త్రోవ త్రొక్కువారు కరవైనచో, ఏ ప్రజల కొరకు ఆ కళాశాల వెలసినదో ఆ ప్రజలకు దానివలన కలుగు లాభము స్వల్పమైపోవును. మనము యోచింపవలసిన విషయమిదియే.

ముందుగ నర్సు విద్యలోని తరగతులను గూర్చి రెండు మాటలు. ఇండ్లకు వచ్చి గర్భిణులను, పసిపిల్లలను విచారించి టీకాలు వేయు ఏ.ఎన్.ఎం. రెండేండ్ల శిక్షణ పొందినది. ఆసుపత్రి వార్డులలో మనము చూచు నర్సులలో పెక్కురు మూడేండ్ల జనరల్ నర్సింగు చదివినవారు. బి.ఎస్సి. నర్సింగు నాలుగేండ్ల పట్టా చదువు. ఈ ముగ్గురును రిజిస్టరులో పేరు నమోదు చేయించుకొన్న పిదపనే వృత్తి నవలంబింపవలెను. ఊరిలోనే యుండి ఇల్లిల్లు తిరుగు ఆశ కార్యకర్త నర్సు కాదు. ఆమె ఊరివారికిని ఆరోగ్య కేంద్రమునకును నడుమ వంతెన వంటిది. ఈ భేదము తెలియకపోవుటచే మనము పలుమారులు ఒకరి నడుగవలసిన సాయమును వేరొకరి నడిగి నిరాశ చెందుచుందుము.

నర్సు విద్యకు శాస్త్రీయమైన పాఠశాల నెలకొల్పినది ఫ్లారెన్సు నైటింగేలు. 1860లో లండనులోని సెయింటు థామసు ఆసుపత్రిలో ఆమె పేర ఆ పాఠశాల ఆరంభమైనది. చేత దీపము పట్టి సైనికుల పడకలనడుమ తిరిగిన కరుణామూర్తిగ ఆమెను మన మెరుగుదుము. ఆమె లెక్కలలో దిట్ట యనునది అంతగ తెలియని సంగతి. లండను గణాంకశాస్త్ర సంఘమున సభ్యత్వము పొందిన తొలి మహిళ ఆమెయే. యుద్ధములో గాయములకంటె ఆసుపత్రులలోని మురికివలననే ఎక్కువమంది సైనికులు మరణించిరని అంకెలతో చూపి ప్రభుత్వమును కదలించినది. భారతదేశమునకు ఒక్కమారైన రాకయే మన పల్లెల నీరు, మురుగు, పారిశుధ్యములను గూర్చి దశాబ్దుల తరబడి వ్రాసినది. కావున నర్సు విద్య పుట్టుకలోనే రెండు అంశములు ఇమిడియున్నవి: రోగి చెంత ఓర్పుతో నిలుచుట ఒకటి, కన్నదానిని లెక్కించి అధికారుల యెదుట నిలిపి చెప్పుట రెండవది. మన పాఠశాలలు మొదటిదానిని ఆదరించి, రెండవదానిని మరచినవి.

తెలుగుదేశమున ఈ విద్యకు పూర్వరంగము లేకపోలేదు. 1883లో గుంటూరు చేరిన అమెరికా వైద్యురాలు అన్నా కుగ్లరు 1898లో అక్కడ స్త్రీలకు, శిశువులకు ఆసుపత్రి తెరచినది. అట్టి మిషను ఆసుపత్రులే మన ఆడపిల్లలకు తొలి నర్సు పాఠశాలలైనవి. అయినను దేశము మొత్తము మీద పరిస్థితి దయనీయముగ నుండెడిది. సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1946లో సమర్పించిన నివేదిక ప్రకారము ఆనాడు 43,000 మంది ప్రజలకు ఒక నర్సు మాత్రమే యుండెను. పల్లెకు సమీపమున ఆరోగ్య కేంద్రము, అందు చదువుకొన్న నర్సులు ఉండవలెనని ఆ సంఘము నొక్కి చెప్పినది. నేడు మనము ప్రాథమిక ఆరోగ్యమని పిలుచు వ్యవస్థకు ఆ నివేదికయే పునాది.

ఆ వ్యవస్థ ఇట్లున్నది. మైదానములలో 5,000 మందికి, గిరిజన ప్రాంతములలో 3,000 మందికి ఒక ఉపకేంద్రము. 30,000 మందికి, గిరిజన ప్రాంతములలో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము. ఇది నియమము. ఉపకేంద్రమున వైద్యుడు లేకపోవుటచే దానిని చాలకాలము టీకాలు, మాత్రలు ఇచ్చు చోటుగ మాత్రమే పరిగణించిరి. 2018లో కేంద్ర ప్రభుత్వము దేశమున లక్షా యాబదివేల ఉపకేంద్రములను, ప్రాథమిక కేంద్రములను సమగ్ర ఆరోగ్య కేంద్రములుగ మార్ప నిశ్చయించినది. అట్టి ఉపకేంద్రములలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు బాధ్యత వహింపవచ్చును. తెలంగాణమున వీనికి పల్లె దవాఖానలని పేరు. ఎం.బి.బి.ఎస్., ఆయుర్వేద పట్టభద్రులతోపాటు, ఆరు నెలల అదనపు శిక్షణ పొందిన నర్సులును అక్కడ పనిచేయుటకు అర్హులైరి. 2021లో భారత నర్సింగు మండలి బి.ఎస్సి. పాఠ్యప్రణాళికను సవరించినప్పుడు ఆ శిక్షణాంశములను పట్టా చదువులోనే చేర్చినది. అనగా నేడు మన జిల్లాలలో చేరు విద్యార్థిని రేపు పల్లె దవాఖానకు పెద్ద కాగలదు.

పెద్ద యగుట యనగానేమి? ఒక ఉదాహరణము తీసికొందము. తండాలో ఏడవ నెల గర్భిణి యున్నదనుకొందము. ఆమెకు తలనొప్పి, పాదములు వాచినవి. ఇంటిలోని పెద్దలు కడుపుతో నున్నవారికి ఇది సహజమే యందురు. నర్సు రక్తపుపోటు చూచును. మీది అంకె 140గాని, క్రింది అంకె 90గాని అయినచో, లేక దాటినచో, మూత్రమును పరీక్షించును. అందు మాంసకృత్తు కనబడినచో అది గుర్రపువాతమునకు దారితీయగల స్థితి; తల్లికిని బిడ్డకును ప్రాణాపాయము. అప్పుడామె ఆ దినమే పెద్ద ఆసుపత్రికి పంప నిశ్చయింపవలెను, వాహనమును పిలిపింపవలెను, పత్తి ఏరుట విడిచి రాలేననునట్టి భర్తను, భయపడు అత్తను ఒప్పింపవలెను, అచటి వైద్యునికి సంగతి తెలుపవలెను. ఈ పనిలో కొలుచుట, నిర్ణయించుట, చెప్పుట – మూడును గలవు. కొలుచుట పాఠశాలలో నేర్పుచునే యున్నారు. నిర్ణయించుట వైద్యుని పనియనియు, చెప్పుట అధికారుల పనియనియు తలచి ఆ రెండింటిని విడిచిరి. నాయకత్వమను పెద్ద మాటకు పల్లెలో అర్థము విడిచిపెట్టిన ఆ రెండింటిలోనే యున్నది.

ఇట్టి చిన్న పనులు ఎంత అవసరమో అంకెలు చెప్పుచున్నవి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలన ప్రకారము తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనతతో బాధపడుచుండిరి. రక్తహీనతకు శస్త్రచికిత్స లేదు. పెద్ద యంత్రములు లేవు. ఇనుము మాత్రను గర్భిణి చేత నూట ఎనుబది దినములు విడువక మ్రింగించుట, తిండిలో ఆకుకూర, పప్పు, గ్రుడ్డు చేర్పించుట, నులిపురుగుల మందు వేయించుట – ఇవియే మార్గములు. మాత్ర చేతికిచ్చుట సులభము. వికారము పుట్టినదని ఆ మాత్రను గూటిలో పెట్టిన స్త్రీతో ఓపికగ మాటలాడి, భోజనమైన పిదప వేసికొమ్మని చెప్పి, మరల పదిదినములకు పోయి విచారించుట కష్టము. దేశముల ఆరోగ్యము ఈ రెండవ పనిమీదనే ఆధారపడియున్నది.

ఈ సత్యమును ప్రపంచ నాయకులు కూడ పల్లెలలోనే నేర్చిరి. డెన్మార్కు దేశీయుడైన వైద్యుడు హాఫ్డన్ మాహ్లర్ 1950 దశాబ్దిలో క్షయనివారణ కార్యమునకై మన దేశమున సుమారు పదేండ్లు పనిచేసినాడు. ఆ కాలమున బెంగుళూరున జాతీయ క్షయ సంస్థ నెలకొనినది. తుమకూరు జిల్లా గ్రామములలో ఆ సంస్థవారు జరిపిన పరిశీలనలో ఒక ఆశ్చర్యకరమైన విషయము వెల్లడియైనది. కఫములో క్షయక్రిములున్నవారిలో సగముమందికి పైగా అప్పటికే ఏదో వైద్యశాలకు పోయి తమ బాధ చెప్పుకొనియేయుండిరి. రోగులు అజ్ఞానముచేత రాకపోవుట కాదు. వచ్చినవారి మాట వినిపించుకొను ఏర్పాటు లేకపోవుటయే లోపమని తేలినది. అందుచే ప్రత్యేక శానిటోరియములకై వేచియుండక, ఉన్న సాధారణ వైద్యశాలలలోనే కఫపరీక్ష, మందు అందజేయు జిల్లా పథకము రూపొందినది. అది తొలినాళ్లలో ప్రయోగింపబడిన జిల్లాలలో మన అనంతపురము ఒకటి. ఆ మాహ్లర్ 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు డైరెక్టర్ జనరల్ అయినాడు. 1978 సెప్టెంబరులో, నాటి సోవియట్ దేశములోని ఆల్మా ఆటా నగరమున 134 దేశములు సమావేశమై ప్రాథమిక ఆరోగ్యమే సర్వజనారోగ్యమునకు మూలమని ప్రకటించినది ఆయన హయాములోనే. ఆ ప్రకటన వెనుక మన దక్షిణదేశపు పల్లెల అనుభవమును కొంత యున్నది.

కాళేశ్వరమున గోదావరి యొడ్డున నిలిచి చూచినచో ఆవలి దరి సిరోంచ. అది గడ్చిరోలి జిల్లాలోనిది. ఆ జిల్లాయందు అభయ్ బంగ్, రాణీ బంగ్ అను వైద్యదంపతులు 1986లో ఒక సంస్థను స్థాపించిరి. 1995 మొదలు 1998 వరకు వారు 39 గ్రామములలో ఒక ప్రయోగము సాగించిరి. గ్రామస్త్రీలకు శిక్షణ ఇచ్చి, పురిటి ఇండ్లకు పంపి, పసికందులను తూచుట, వెచ్చగ నుంచుట, చీము, జ్వరము, ఊపిరి తొందర మున్నగు చిహ్నములను గుర్తించి మందు ఇచ్చుట నేర్పిరి. మూడవ సంవత్సరము నాటికి, ఆ యేర్పాటు లేని గ్రామములతో పోల్చిచూడగా, నవజాత శిశుమరణములు నూటికి 62 వంతులు తగ్గినవి. 1999లో లాన్సెట్ పత్రిక ఈ ఫలితములను ప్రకటించినది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు, యూనిసెఫ్‌యు కలిసి పురిటిబిడ్డలను ఇంటికి పోయి చూచుటను అన్ని దేశములకును సిఫారసు చేసినవి. 2011 మొదలు మన దేశమున ఆశ కార్యకర్తలు ఆ పని చేయుచున్నారు. భూపాలపల్లి పొరుగు జిల్లాలోని పూరిండ్లనుండి ఒక పాఠము ప్రపంచమునకు చేరి, మరల మన ఇంటికి వచ్చినది. అయితే ఆ ఆశ కార్యకర్తకు తూనిక సరిగ చూచుట నేర్పువారెవరు? ఆమె సందేహపడినప్పుడు తీర్చువారెవరు? ఉపకేంద్రపు నర్సులే. కావున నర్సు పాఠశాల బోధించుట నేర్పు పాఠశాల కూడ కావలెను.

ఇక మన రాష్ట్రములోనే జరిగిన మరియొక ప్రయత్నమును చెప్పుదుము. పైన పేర్కొన్న జాతీయ పరిశీలన ప్రకారము 2019–21 నాటికి తెలంగాణమున ప్రతి నూరు కాన్పులలో 60కి పైగా శస్త్రచికిత్స ద్వారా జరిగినవి. ప్రైవేటు ఆసుపత్రులలోనైతే 81కి పైగా. దేశమంతటి సగటు నూటికి 21 మాత్రమే. అవసరమైనప్పుడు ఈ శస్త్రచికిత్స తల్లీబిడ్డల ప్రాణము నిలుపును. అవసరము లేనప్పుడు తల్లికి నొప్పి, ఖర్చు, రాబోవు కాన్పులకు చిక్కు మిగులును. ప్రజలందరి లెక్కలో ఈ శస్త్రచికిత్సలు నూటికి 10 దాటినచో తల్లుల, శిశువుల మరణములు అంతకంటె తగ్గినట్లు కనబడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో తెలిపినది.

ఈ స్థితిని మార్చుటకై తెలంగాణ ప్రభుత్వము 2017లో కరీంనగరమున 30 మంది నర్సులకు పదునెనిమిది నెలల ప్రసూతి శిక్షణ నారంభించినది. హైదరాబాదులోని ఫెర్నాండెజ్ సంస్థ శిక్షణ బాధ్యతను వహింపగా యూనిసెఫ్ తోడ్పడినది. నొప్పులు పడు తల్లిని ఒంటరిగ వదలకుండుట, నడువనిచ్చుట, ఆమె కనుకూలమైన భంగిమలో కాననిచ్చుట, తొందరపెట్టక వేచియుండుట, అపాయచిహ్నము కనబడినంతనే వైద్యుని పిలుచుట – ఇవి ఆ శిక్షణలోని ముఖ్యాంశములు. మరుసటి యేడు, 2018లో, కేంద్ర ప్రభుత్వము దేశమంతటను ఇట్టి ప్రసూతి నర్సులను తయారుచేయుటకు మార్గదర్శక సూత్రములు వెలువరించినది. ఒక జిల్లా ఆసుపత్రిలో ముప్పదిమంది నర్సులతో మొదలైన పని దేశమునకు దారి చూపిన వానిలో చేరినది. తెలంగాణమున లక్ష కాన్పులకు తల్లుల మరణములు 2014–16లో 81 కాగా, 2018–20 నాటికి 43కు దిగినవి. ఈ తగ్గుదలకు కారణములనేకము. దానిని నిలుపుకొనుటకు మాత్రము నిపుణులైన నర్సులు తప్పనిసరి.

ఒక నర్సింగు కళాశాల తన ఊరిని విడువకయే ప్రపంచమున పేరు పొందగలదా యని కొందరు సందేహింపవచ్చును. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలను చూడవచ్చును. అక్కడ 1909లో నర్సింగు పాఠశాల మొదలైనది. 1946లో పట్టా చదువు ఆరంభమైనది. ఆ కళాశాల నర్సులు చుట్టుపట్ల గ్రామముల బాధ్యతను తామే వహించి ఒక సమాజారోగ్య కార్యక్రమమును నెలకొల్పిరి. విద్యార్థినులకు ఆ గ్రామములే తరగతిగదులు. ఆ కళాశాల నర్సింగు, ప్రసూతి సేవల అభివృద్ధి విషయమున ప్రపంచ ఆరోగ్య సంస్థకు సహకార కేంద్రముగ గుర్తింపు పొందినది. సహకార కేంద్రమనగా ఆ సంస్థ తన పనికి తోడ్పడుటకై ఎన్నుకొన్న విద్యాలయము లేక పరిశోధనాలయము. వెల్లూరు కట్టి గౌరవము కలుగుటకు గ్రామములలోని పని అడ్డు రాలేదు, అదియే ఆధారమైనది.

ఇప్పుడు వలసను గూర్చి చెప్పక తీరదు. 2025లో వెలువడిన ప్రపంచ నర్సింగు నివేదిక ప్రకారము 2023 నాటికి లోకమున 2 కోట్ల 98 లక్షలమంది నర్సులుండిరి. ఇంకను 58 లక్షలమంది కొరత. ప్రతి ఏడుగురు నర్సులలో ఒకరు తాము పుట్టిన దేశము కాని దేశమున పనిచేయుచున్నారు. ధనిక దేశములలో వృద్ధుల సంఖ్య పెరుగుచున్నది. వారు మన పిల్లలను పిలుచుచున్నారు. మన రాష్ట్రప్రభుత్వ సంస్థయే జర్మన్, జపాన్ భాషలు నేర్పి నర్సులను పంపుచున్నది. పోవువారిని తప్పుపట్టుట న్యాయము కాదు. పొలము కుదువపెట్టి చదివించిన తండ్రి ఋణము తీర్చుట, తమ్ముని చదివించుట ఆమెకు ధర్మమే. ఇక్కడ తాత్కాలికపు ఉద్యోగము, చాలీచాలని జీతము, రాత్రి విధులకు భద్రత లేని బస మాత్రమే చూపి, సేవాధర్మమును మనము బోధించినచో ఆ బోధ ఆమె చెవికెక్కదు. ప్రపంచ ఆరోగ్య సభ 2010లో ఆమోదించిన నియమావళి, కొరతగల దేశములనుండి ఆరోగ్య సిబ్బందిని అదుపులేక తీసికొనిపోరాదనియు, ప్రతి దేశమును తనకు కావలసినవారిని తానే తయారుచేసికొని నిలుపుకొనవలెననియు చెప్పుచున్నది. అందులోని రెండవ మాట మనకు వర్తించును.

నిలుపుకొనుట ఎట్లు? ఈ విషయమున కూడ అనుభవము కలదు. మారుమూల ప్రాంతములలో ఆరోగ్య సిబ్బంది నిలుచుటకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోను, మరల 2021లోను కొన్ని సూత్రములు చెప్పినది. పల్లెలలో పుట్టి పెరిగినవారిని చదువులో చేర్చుకొనవలెను. విద్యాలయములను రాజధానికి దూరముగ నెలకొల్పవలెను. చదువుకాలమునందే పల్లెలలో పనిచేయింపవలెను. పల్లె వ్యాధులను, పల్లె అవసరములను పాఠములలో చేర్చవలెను. మంచి బస, భద్రత, పదోన్నతి కల్పింపవలెను. వీనిలో రెండవది, జిల్లాలలో విద్యాలయము, మనకు సిద్ధించుచున్నది. తక్కినవానిని మనము సాధించుకొనవలెను.

మహబూబాబాదునందు లంబాడీ, కోయ బాలికలకు నర్సింగు చదువులో చోటు దొరికినచో, తండాలో అవ్వ తన బాధను తన భాషలోనే చెప్పుకొనును. వ్యాధి సగము అక్కడనే తెలియును. జనగామలో విద్యార్థినులు ఆసుపత్రి వార్డుతోపాటు నాలుగేండ్లును రెండు మూడు గ్రామములను తమవిగ నెంచి, ప్రతి ఇంటి గర్భిణిని, పసిబిడ్డను, రక్తపుపోటు, మధుమేహము గలవారిని లెక్కలో ఉంచుకొనినచో, పట్టా పుచ్చుకొను నాటికి వారు పుస్తకములో లేని పాఠము నేర్చియుందురు. భూపాలపల్లిలో గనిపనివారి ఊపిరితిత్తుల జబ్బులు, అటవీ గ్రామములలోని జ్వరములు, వరదలలో త్రోవలు తెగిన ఊళ్లు – ఇవి అక్కడి కళాశాలకు స్వంత పాఠ్యాంశములు కావలెను. ఆ లెక్కలను సక్రమముగ వ్రాసియుంచినచో అవి జిల్లా అధికారికి, రాష్ట్రమునకు, చివరకు ఇట్టి నేలలుగల ఇతర దేశములకును ఉపకరించును. గడ్చిరోలి, కరీంనగరములకు సాధ్యమైనది వీనికి అసాధ్యము కానక్కరలేదు.

దీనికి తోడు, నిర్ణయములు జరుగు బల్లవద్ద నర్సుకు కుర్చీ యుండవలెను. జిల్లా ఆరోగ్య ప్రణాళిక వ్రాయునప్పుడు ఉపకేంద్రములలో పనిచేసిన నర్సు మాట అడుగవలెను. నర్సింగు కళాశాలకు అనుభవముగల నర్సులే ఆచార్యులుగ, ప్రిన్సిపాలుగ పూర్తి అధికారముతో ఉండవలెను. ఆజ్ఞ పాటించుటయే వృత్తిధర్మమని ఇరువది యేండ్లు నేర్పి, ఇరువది యొకటవ యేట నాయకత్వము వహింపుమనుట వ్యర్థము.

మన ఇండ్లకును ఇందు కొంత కర్తవ్యము కలదు. నర్సు వృత్తిని చులకన చేసి మాటలాడు అలవాటు మనలో ఇంకను పోలేదు. అబ్బాయి వైద్యుడగుదునన్న పొంగిపోవు ఇల్లు, అమ్మాయి నర్సు అగుదునన్న ముఖము చిట్లించును. పెండ్లి సంబంధములకడ దానిని లోపముగ నెంచువారును కలరు. అదే ఇల్లు జబ్బుపడిననాడు మంచి నర్సు దొరకలేదని వాపోవును. ఈ రెండు మాటలును ఒక నోట రాదగినవి కావు. అమ్మాయిలేగాక అబ్బాయిలును ఈ చదువునకు పోవచ్చును, పోవుచున్నారు. మన ఊరి పల్లె దవాఖానలో నర్సు ఎవరో, ఏ దినముల నుండునో తెలిసికొనుట, ఆమె పిలిచిన పరీక్షకు పోవుట, ఆమె బసకు నీరు, దీపము, తలుపుకు గడియ ఉన్నవా యని పంచాయతీ సభలో అడుగుట – ఇవి మన చేతిలోని పనులు. ముప్పది యేండ్లు దాటిన వారందరును ఏడాదికొకమారు రక్తపుపోటు, చక్కెర చూపించుకొనినను ఆమె పని సగము సులభమగును.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి కళాశాలలకు పేరు ఎక్కడనుండి రావలెనని ఎవరైన అడిగినచో, అది తమ చుట్టునున్న పల్లెలనుండియే రావలెనని మేము చెప్పుదుము. కాన్పులో తల్లి చావని తండా, నెలలోపు బిడ్డ పోని గూడెము, క్షయరోగి సగములో మందు మానని ఊరు – ఇట్టివానిని చూపగల పాఠశాల మాటను జెనీవాలోనైనను వినక తప్పదు.